నరం తిరిగి మొలిచిన ఏడాది

మా నాన్నకు నడుము పట్టేసిన ఏడాది చెరకు కోతకు ఆయన బదులు నేను వెళ్ళాను. ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి కొన్నేళ్ళయింది. నేను హైస్కూలు ముగించి, పెద్ద దీవిలోని టీచర్ల కాలేజీలో సీటు తెచ్చుకుని, అది తెరిచేదాకా మా దీవిలో, లంబాసా ఊరి దగ్గర, ఇంట్లోనే ఉన్నాను. మా వైపు ఎవరి చెరకు వాళ్ళు కోసుకోరు. కొన్ని ఇళ్ళు కలిసి ఒక గ్యాంగు. ఆ గ్యాంగు ఒకరి తర్వాత ఒకరి పొలం కోస్తుంది. ఇంటికొక మనిషి రావాలి. రాకపోతే ఆ ఇంటి చెరకు చివరకు నెట్టేస్తారు. అది ఎండలో నిలబడి రసం పోగొట్టుకుంటుంది.

గ్యాంగుకు పెద్ద ఒక సర్దార్. ఆయన నన్ను చూసి ఇంటికి పొమ్మన్నాడు. ఆడపిల్లను వరుసలో నిలబెడితే నలుగురూ నవ్వుతారని, మీ నాన్న లేచేదాకా మీ చెరకు ఆగుతుందని చెప్పాడు. నేను కదల్లేదు.

"ఇంటికొక మనిషి కావాలన్నావు గదా సర్దార్. నేను మనిషిని కానా?" అన్నాను.

పక్క వరుసలో ఉన్న మా పెదనాన్న కొడుకు నాకు తన కత్తుల్లోంచి తేలికైనది తీసి ఇచ్చాడు. నాకంటే కాస్త పెద్దవాడు, ఆ గ్యాంగులో అందరికంటే వేగంగా కోసేవాడు. సర్దార్ నాకొక వరుస చూపించాడు. ఆ సీజన్లో సగం దాకా నేను రోజూ కోశాను. బాగానే కోశాను.

ఒక పొద్దున వాన పడి ఆగింది. కింద పరుచుకున్న చెరకు ఆకు జారుడుగా ఉంది. నేను కోసిన గడలను మోసుకుని అన్న వరుస పక్కనుంచి వెళ్తూ జారాను. పడకుండా కుడిచెయ్యి ముందుకు చాచాను. అప్పటికే వంగి గడ మొదలు మీదకు కత్తి విసిరాడు అన్న. అది నా ముంజేతి లోపలివైపు, మోచేతికి కొంచెం కింద దిగింది.

నొప్పి వెంటనే రాలేదు. వేళ్ళు మాత్రం నావి కానట్టయిపోయాయి. అన్న చొక్కా విప్పి గాయం మీద చుట్టి, రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టుకున్నాడు. ట్రాక్టరు మీద ఆసుపత్రికి చేరేదాకా ఆ చేతులు తీయలేదు. దారంతా నా మొహం వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

ఆసుపత్రిలో విదేశాల నుంచి వచ్చి కొంతకాలం పనిచేస్తున్న ఒక డాక్టరు కండలనూ నరాన్నీ కుట్టాడు. మణికట్టు లోపలికి వంచి పిండికట్టు వేశారు. రెండు రోజుల తర్వాత ఆయన మంచం దగ్గరికి వచ్చి ఇంగ్లీషులో మా నాన్నకు విషయం చెప్పాడు. మా నాన్నకు తెలుగు వచ్చు, ఫిజీ హిందీ వచ్చు, ఇంగ్లీషు రాదు. నా చెయ్యి గురించి నేనే ఆయనకు తెలుగులో చెప్పాల్సి వచ్చింది.

డాక్టరు చెప్పింది ఇది. బొటనవేలికీ దాని పక్క రెండు వేళ్ళకూ స్పర్శ ఇచ్చే పెద్ద నరం పూర్తిగా తెగింది. కొసలు కలిపి కుట్టాం. అయినా తెగిన చోటు నుంచి కింద ఉన్న భాగం చచ్చిపోతుంది, దాన్ని ఎవరూ ఆపలేరు. పైన బతికున్న కొస నుంచి కొత్త పోగులు పుట్టి, పాత నరం ఖాళీ గొట్టాల వెంట మెల్లగా కిందికి పెరగాలి. పెరిగితే నెలకు ఒక అంగుళం. పెరగకపోవచ్చు కూడా. దారి తప్పవచ్చు.

"ఏమంటన్నాడు?" అని నాన్న అడిగాడు.

"పెరుగుతుందంట నాన్నా. టైం పడతాదంట," అన్నాను.

పెరగకపోవచ్చన్న మాట నేను అనువదించలేదు. ఆ మాటను ఆ గదిలో ఇంకెవరి నోటా విననివ్వకూడదనుకున్నాను. కానీ మర్నాడు పక్క మంచం వాళ్ళను చూడడానికి వచ్చిన ఒక పెద్దాయన వేళ్ళు వేలాడుతున్న నా చేతిని చూసి, "హాథ్ మర్ గయిస్," అన్నాడు, చెయ్యి చచ్చిపోయిందని. జాలిగానే అన్నాడు. ఆ జాలికి నాకు ఒళ్ళు మండింది.

ఇంటికి వచ్చాక మా రెండు కుటుంబాల మధ్య మాటలు ఆగిపోయాయి.  మా మేనత్త, అన్న చూసుకోకుండా కొట్టాడని పదిమందిలో అంది. ఆ మాట పెద్దమ్మ దాకా పోయింది. ఆడపిల్లను పొలానికి పంపిందెవరని పెద్దమ్మ తిరిగి అడిగింది. అన్న కత్తి పట్టడం మానేశాడు. సర్దార్ కబురు పంపినా కోతకు పోలేదు. మా ఇంటి ముందు దారి వదిలి చుట్టూ తిరిగి వెళ్ళేవాడు.

పిండికట్టు విప్పిన రోజు నేను ఆసుపత్రి నుంచి నేరుగా వాళ్ళ ఇంటికి వెళ్ళాను. పెద్దమ్మ లోపలికి రమ్మనలేదు. వరండాలో నిలబడే అన్నను బయటికి పిలిచాను. సన్నబడిన నా చెయ్యి చూసి అతను తల దించుకున్నాడు.

"నువ్వు నన్ను వారంవారం ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. నీకు మోటారుసైకిలు ఉంది, మా నాన్నకు లేదు," అన్నాను.

"నేనా? మీ వాళ్ళు ఏమంటారు?"

"మా వాళ్ళు ఏమన్నా అననీ. నేను జారిపడ్డాను, నీ కత్తి అక్కడ ఉంది. అంతే జరిగింది. నువ్వు దాక్కుంటే వాళ్ళు చెప్పిందే నిజమవుతాది."

అతను మోటారుసైకిలు తాళంచెవి తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళాడు. పెద్దమ్మ నాకు నీళ్ళు తెచ్చి ఇచ్చింది. అక్కడితో రెండిళ్ళ మధ్యా మాటలు మొదలైపోలేదు. కానీ మళ్ళీ వారం అన్న మోటారుసైకిలు మా గుమ్మం ముందు ఆగినప్పుడు ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఆసుపత్రిలో చేతులకూ కాళ్ళకూ వ్యాయామం చేయించే ఒక ఫిజియన్ అక్క ఉండేది, ఆ దీవుల మూలవాసుల మనిషి. పొడుగ్గా, గట్టి గొంతుతో, ఎవరు మూలిగినా పట్టించుకోకుండా పని చేయించేది. నాతో ఫిజీ హిందీలోనే మాట్లాడేది, ఏదైనా బాగా చేస్తే మాత్రం తన భాషలో వినాకా, భేష్, అనేది. వేళ్ళలో ప్రాణం లేకపోయినా రోజూ ఎడమచేత్తో ఒక్కో కీలూ వంచి చాచాలని ఆమె నేర్పింది. నరం వచ్చేసరికి కీళ్ళు బిగుసుకుపోయి ఉంటే వచ్చిన నరానికి చేయడానికి పనేమీ ఉండదని చెప్పింది. పొయ్యి దగ్గరికి వెళ్ళొద్దంది. నేను అప్పటికే రొట్టెల పెనం అంచు పట్టుకుని చూపుడువేలు కాల్చుకున్నాను. చర్మం వాసన వచ్చాక గానీ తెలియలేదు.

ఇంకొక సంగతి కూడా ఆమె నేర్పింది. గాయం మచ్చ నుంచి కిందికి, నరం దారి వెంట, వేలితో మెల్లగా కొట్టుకుంటూ రావాలి. కొత్త పోగు కొస ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ తాకగానే చచ్చుబడిన వేళ్ళలో కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుంది. ఆ చోటు కిందికి జరుగుతూ ఉంటే నరం నడుస్తున్నట్టు. మొదటిసారి ఆమె కొట్టినప్పుడు మచ్చకు కొంచెం కిందే జివ్వుమంది. నేను కుర్చీలోంచి లేచిపోయాను. గుమ్మం దగ్గర నిలబడ్డ అన్న పరుగెత్తుకొచ్చి ఆమెను వదలమన్నాడు. ఆమె అతన్నే పక్కన కూర్చోబెట్టి అతని వేలితో కొట్టించింది.

అప్పటి నుంచి అది అతని పని అయింది. ఆదివారం మా వరండాలో కూర్చుని మచ్చ నుంచి కిందికి కొట్టుకుంటూ వచ్చి, జివ్వుమన్నచోట బాల్‌పెన్నుతో చుక్క పెట్టేవాడు. 

ఈ లోపల కాలేజీ తెరిచే రోజు వచ్చింది. నాన్న వద్దన్నా వినకుండా నేను ఓడెక్కి పెద్ద దీవికి వెళ్ళాను. అక్కడి అధికారి ఒకాయన నా చెయ్యి చూసి, బోర్డు మీద రాయలేని టీచరు పిల్లలకేం చెబుతుందని మర్యాదగానే అడిగాడు. ఎడమచేత్తో రాస్తానన్నాను. రాసి చూపించమన్నాడు. నా రాత గోడ మీద పాకే పురుగులా వంకర్లు పోయింది. ఇంకో పని చూసుకోవడం మంచిదని, మా ఊళ్ళో ఏదైనా దుకాణంలో నిలబడే పని దొరుకుతుందని చెప్పాడు.

"నా సీటు ఒక్క ఏడాది ఆపండి. వచ్చే ఏడాది ఈ కుడిచేత్తోనే రాస్తాను," అన్నాను.

నరాల సంగతి డాక్టర్లకే తెలియదని, నాకెలా తెలుసని అడిగాడు. నాకూ తెలియదని చెప్పాను. కానీ సీటు ఆపుతానని ఆయన చెప్పేదాకా ఆ గదిలోంచి కదలనని కూడా చెప్పాను. బయట మనుషులు కాచుకుని ఉన్నారు. చాలాసేపటి తర్వాత సరేనన్నాడు, నన్ను పంపించడానికే కావచ్చు.

ఇంట్లో నా పక్షాన మొదటి నుంచీ నిలబడింది మా మామ్మ, నాన్న తల్లి. ఆ రోజుల్లో నా చెయ్యి రాత్రీ పగలూ మండేది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయేదాన్ని. మా మేనత్త అది చెడ్డ సూచన అంది. మామ్మ నా ముందు పప్పూ అన్నం పెట్టి, కొంచెం చేప కూడా వేసింది.

"తిను బిడ్డా. చచ్చిన చెయ్యైతే నొప్పి ఎందుకు వస్తాది? అది తిండి అడగతంది," అంది.

చుక్కలు కొన్ని నెలలు బాగానే దిగాయి. ముంజేతి మధ్యకు, అక్కడి నుంచి కిందికి. తర్వాత మణికట్టు దగ్గర ఆగిపోయాయి. ఒక ఆదివారం, ఇంకో ఆదివారం, ఆ తర్వాతా అన్న వేలు అదే చోట జివ్వుమనిపించింది. చుక్క మీద చుక్క పడి అక్కడ సిరా మరక అయింది. బొటనవేలి మొదట్లో కండ కరిగి గుంట పడింది.  కొందరికి అక్కడ ఆగుతుంది, కొందరికి మళ్ళీ కదులుతుంది అంది ఫిజియన్ అక్క.

ఒక ఆదివారం అన్న పెన్ను కింద పెట్టేశాడు.

"చాల్లే చెల్లే. ఇది ఇంక రాదేమో. ఎడమచెయ్యే నేర్చుకో."

"నీకు కుదరకపోతే పో. నేనే కొట్టుకుంటా," అన్నాను.

అతను పోలేదు. ఆ మరక మీదే ఇంకొక చుక్క పెట్టాడు. నేను లోపలికి వెళ్ళి, వేళ్ళు వంచడం చాచడం ఎప్పటికంటే ఎక్కువసేపు చేశాను. నాకు నమ్మకం ఉండి చేయలేదు. నా చెయ్యి గురించి ఆఖరి మాట ఇంకొకరు చెప్పడం నాకు ఇష్టం లేక చేశాను.

చుక్క మళ్ళీ ఎప్పుడు కదిలిందో మేం సరిగ్గా పట్టుకోలేకపోయాం. ఒక రోజు మామ్మ కోసం బియ్యం ఏరుతుంటే అరచేతిలో ఏదో గరగరలాడింది. ముందు ఎడమచేతిలో అనుకున్నాను. బియ్యం ఉన్నది కుడిచేతిలో. నేను ఎవరినీ పిలవలేదు. గింజలు పోసుకుని, వంచేసి, మళ్ళీ పోసుకుంటూ అలాగే కూర్చున్నాను. కొంతకాలానికి బొటనవేలు వెంట్రుకవాసి కదిలింది. ఆ సంగతి చెప్పడానికి అన్న పొలానికి వెళ్ళాను. అతను గ్యాంగులో తిరిగి చేరి అప్పటికి కొద్ది రోజులే అయింది. వరుస మధ్యలో కత్తి పక్కన పెట్టి, నా బొటనవేలు కదలడం చూస్తూ నిలబడ్డాడు. సర్దార్ కూడా వచ్చి చూశాడు. పని ఆగిందని ఆయన ఎవరినీ తిట్టలేదు.

ఏడాది తిరిగాక కాలేజీకి వెళ్ళాను. ఆ అధికారే ఉన్నాడు. సుద్దముక్క ఇచ్చి బోర్డు చూపించాడు. మొదటి మాట మధ్యలో సుద్ద జారి పడింది. వంగి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ పడింది. ఆయన చాలు అన్నాడు. నేను చాలదన్నాను. బోర్డు నిండేదాకా రాశాను. అక్షరాలు పెద్దవి, కొన్ని ఒరిగాయి, కానీ వెనక బెంచీ నుంచి చదవొచ్చు. ఆయన వెనక బెంచీకి వెళ్ళి కూర్చుని చదివాడు. తర్వాత నా పేరు రాసుకున్నాడు.

నేను సైన్సు టీచరునయ్యాను. లంబాసా చుట్టుపక్కల బళ్ళలోనే ఎక్కువకాలం పనిచేశాను. దేశంలో సైనిక తిరుగుబాటు జరిగి, మాతో పనిచేసిన భారత సంతతి వాళ్ళు దేశం వదలడానికి ఒక్కొక్కరే పెట్టెలు సర్దుకున్న రోజుల్లో నన్నూ వెళ్ళమన్నారు. వెళ్ళలేదు. చెయ్యి సంగతి అప్పటికి ఒక కథగా మారింది. బంధువులు తమ పిల్లలకు దాన్ని చెప్పేవారు. పట్టుదల ఉంటే చచ్చిన నరం కూడా లేస్తుందని, నన్ను చూసి నేర్చుకోండని. ఆ మాట విన్నప్పుడల్లా ఏదో తప్పుగా ఉన్నట్టు అనిపించేది. ఫిజియన్ అక్క దగ్గరికి నాతోపాటు వచ్చిన ఒక రైతు నాకంటే శ్రద్ధగా వ్యాయామం చేశాడు. అతని కాలు రాలేదు. అతనికి పట్టుదల లేదని ఎవరు చెప్పగలరు?

జవాబు చాలా ఏళ్ళ తర్వాత రాజధాని సువాలో దొరికింది. సెలవుల్లో సైన్సు టీచర్ల కోసం పెట్టిన తరగతికి వెళ్ళాను. నా కూతురి వయసున్న లెక్చరరు ఒకామె బతికున్న నరకణాన్ని తెర మీద చూపించింది. సన్నటి పోగు లోపల చిన్నచిన్న వెలుగు నలుసులు కదులుతున్నాయి. కొన్ని ముందుకు పోతున్నాయి, కొన్ని వెనక్కి వస్తున్నాయి, చాలావరకు ఒకచోట ఆగి ఉన్నాయి. అవి మైటోకాండ్రియా అని చెప్పింది. కణానికి కావలసిన శక్తిని తయారుచేసేవి అవే అని మేమంతా పిల్లలకు చెబుతూనే ఉన్నాం. అవి ప్రయాణం చేస్తాయని మాలో ఎవరమూ ఎప్పుడూ చెప్పలేదు.

ఆమె వివరించింది. వేలికి స్పర్శనిచ్చే నరకణం అసలు దేహం మెడలో వెన్నెముక పక్కన ఉంటుంది. అక్కడి నుంచి ఒకే పోగు చెయ్యంత పొడవునా దిగి వేలి కొసకు వస్తుంది. అది తెగితే కొస మళ్ళీ మొగ్గ వేసి పాకాలి. కొత్త గోడ కట్టుకోవాలి, దారి వెతుక్కోవాలి. దీనంతటికీ మామూలు కంటే చాలా ఎక్కువ శక్తి కావాలి. తెగిన చోట ఉన్న మైటోకాండ్రియా దెబ్బతిని పనికిరాకుండా పోతాయి. బాగున్నవి దూరం నుంచి రావాలి. మామూలుగా అవి పోగులో తమ చోట లంగరు వేసుకుని ఉంటాయి. ఆ లంగరు వదిలితే గాయం వైపు కదలగలవు. వదలకపోతే కొస దగ్గర శక్తి చాలక పెరుగుదల ఆగుతుంది. పోగును చుట్టుకుని ఉండే తొడుగు కణాలు కూడా ఊరికే ఉండవు. చక్కెరను సగం విరిచి, ఆ ముక్కలను పోగుకు అందిస్తాయి. వెన్నుపాములోనూ మెదడులోనూ ఈ పెరుగుదల దాదాపు జరగదు, దానికి కారణాలు చాలా ఉన్నాయి, శక్తి కొరత వాటిలో ఒకటి.

నేను చెయ్యెత్తి, మణికట్టు దగ్గర వారాల తరబడి ఆగిన నరం ఏం చేస్తూ ఉంటుందని అడిగాను. ఆమె తెలియదని నిజాయితీగా చెప్పింది. అక్కడ దారి ఇరుకు, కొన్ని పోగులు వెనకబడతాయి, ఒక్కో చెయ్యి సంగతి ఒక్కోలా ఉంటుంది అంది. ఎవరి చెయ్యి అని అడిగింది. చూపించాను. తరగతిలో అందరూ నా చుట్టూ మూగారు. ఒక టీచరు అప్పుడే ఆ పాత మాట అన్నాడు, అంతా పట్టుదల అని.

కాదన్నాను. ఈసారి గట్టిగానే అన్నాను. నా మొండితనం నరాన్ని పెంచలేదు. దాన్ని పెంచినవి మెడ దగ్గర నుంచి బయలుదేరి వచ్చిన ఆ నలుసులు. నేను నిరాశపడి ఏడ్చిన రోజుల్లో కూడా అవి వస్తూనే ఉన్నాయి. నా మొండితనం వేరే పని చేసింది. కీళ్ళు బిగుసుకోకుండా చూసింది, కాలేజీలో నా చోటు పోకుండా చూసింది. చెయ్యి రాని మనిషికి పట్టుదల లేదని ఇంకెప్పుడూ అనకండి అన్నాను. అతను నొచ్చుకున్నాడు. నొచ్చుకోనీ అనుకున్నాను.

లంబాసా తిరిగొచ్చాక ఒక సాయంత్రం ఇదంతా చెప్పడానికి అన్న ఇంటికి వెళ్ళాను. అతను వరండాలో ఇద్దరు స్నేహితులతో, మత్తునిచ్చే యంగోనా వేరు పొడిని నీళ్ళలో కలుపుకుని కూర్చున్నాడు. ఆ చాప మీద ఆడవాళ్ళు కూర్చోరు. నేను కూర్చున్నాను. కొబ్బరి చిప్ప నా దాకా వస్తే తీసుకుని తాగాను. స్నేహితులు కాసేపటికి వెళ్ళిపోయారు. నలుసుల సంగతి నాకు చేతనైనంత తేలిగ్గా చెప్పాను. అన్న అంతా విన్నాడు. ఆ కణం మెడ దగ్గర ఉంటుందన్న మాట మళ్ళీ చెప్పించుకున్నాడు.

"అంటే నా కత్తి దాన్ని తాకలేదా?"

"లేదు. పోగు తెగింది. ఆ కణం బతికే ఉంది."

అతను తన చిప్ప చాప మీద పెట్టాడు. తర్వాత, ఇన్నేళ్ళలో ఎన్నడూ ఎత్తని ఆ పొద్దుటి మాట ఎత్తాడు. కత్తి దించుతుండగా నా చెయ్యి కనబడిందని, ఆపడానికి లాగాడని, లాగి ఉండకపోతే చెయ్యి మొత్తం పోయేదో, లాగబట్టే నరం మీద పడిందో తనకు తెలియదని చెప్పాడు. రెండూ ఆలోచించి ఆలోచించి తల పాడైందన్నాడు. "మాఫ్ కరో చెల్లే," అనబోయాడు.

"అనకు," అన్నాను. "మాఫీ ఇస్తే నువ్వు నేరం చేసినట్టు అవుతాది. నేను ఒప్పుకోను. అప్పుడు ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను."

అతను మొహం తుడుచుకుని నవ్వాడు. లోపలి నుంచి పెద్దమ్మ అన్నానికి రమ్మని పిలిచింది. చూపు మందగించినా వంట ఆమే చేస్తోంది. నన్ను చూసి ఇంకొక పళ్ళెం పెట్టింది.

చెయ్యి పూర్తిగా రాలేదు. బొటనవేలు పని చేస్తుంది, పట్టు కొంచెం తక్కువ. చూపుడువేలును తాకితే ఒక్కోసారి మధ్యవేలిని తాకినట్టు అనిపిస్తుంది, కొన్ని పోగులు దారి తప్పి పక్క వేలికి చేరాయి కాబట్టి. చలికాలం పొద్దున్న మచ్చ లాగుతుంది. మధ్యవేలి కొసకు వేడి ఇప్పటికీ తెలియదు. పొయ్యి దగ్గర ఎవరైనా నన్ను లేవమంటే లేవను, చూసుకుని వండుతాను.